టొయోటా ముందు యాక్సిల్: జాయింటు పగలకముందే చేయాల్సిన పని

1979 నుంచి 1985 వరకు అమెరికాలో అమ్ముడైన టొయోటా ఫోర్‌వీల్ పికప్పుకు ముందు కూడా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉంటుంది. రాళ్లు ఎక్కే బండికి అంతకన్నా మంచి పునాది దొరకదు. అయితే స్టీరింగ్‌తో చక్రం తిరిగే చోట ఉన్న బర్‌ఫీల్డ్ జాయింటును (చక్రం పక్కకు తిరిగినా దానికి బలం అందించే గుండ్ల కీలును) ముందుగా కాచుకోవాలి.

లిఫ్టు, టైర్ల కంటే ముందు డబ్బు గేర్ల మీద పెట్టండి. ఐదు గేర్ల బాక్సులో మొదటి గేరు నిష్పత్తి 3.95, ట్రాన్స్‌ఫర్ కేసు (బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) లో-రేంజిలో 2.28, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలోని గేర్ల పెట్టె) 4.10 అనుకుంటే, గుణిస్తే దాదాపు 37. 35 అంగుళాల టైరుతో ఇది చాలదు. రాయి దగ్గర బండి ఆగిపోతుంది, క్లచ్ జార్చి యాక్సిలరేటర్ తొక్కాల్సి వస్తుంది. గాల్లో తిరుగుతున్న చక్రం ఠక్కున రాయిని పట్టిన దెబ్బకే జాయింటు గిన్నె చీలుతుంది. ట్రాన్స్‌ఫర్ కేసులో 4.7 నిష్పత్తి గేర్లు, ముందు వెనక డిఫరెన్షియళ్లు రెండింటిలోనూ 5.29 వేస్తే లెక్క 98కి చేరుతుంది. బండి ఐడిల్ మీదే పాకుతుంది. కాకపోతే చక్రానికి చేరే టార్క్ కూడా అంతే పెరుగుతుంది. స్టీరింగ్ చివరిదాకా తిప్పి ఉన్నప్పుడు, ముఖ్యంగా రివర్సులో, బలం పెట్టకండి. స్టీరింగ్‌ను కాస్త వెనక్కి తిప్పి అప్పుడు కదిలించండి.

ఇక నకిల్ సంగతి, అంటే యాక్సిల్ చివర జాయింటును కప్పి చక్రంతో పాటు తిరిగే భాగం. దాని లోపలి గుండ్రటి హౌసింగ్ మీద వేలితో తుడవండి. గట్టి గ్రీజు పల్చటి పొరలా అంటితే భయం లేదు. నల్లటి పులుసులా కారుతుంటే లోపలి యాక్సిల్ సీలు పోయినట్టే. డిఫరెన్షియల్ ఆయిల్ వచ్చి గ్రీజును కరిగించేసింది. కొత్త సీలు ఒక్కటే వేస్తే మళ్లీ పోవచ్చు. పైనా కిందా ఉన్న నకిల్ బేరింగులు అరిగితే షాఫ్టు పక్కకు జరిగి సీలును తినేస్తుంది. యాక్సిల్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ మూసుకుపోయిందేమో కూడా చూడండి.

విప్పడానికి 54 మిల్లీమీటర్ల హబ్ సాకెట్టు తప్పనిసరి. ఉలితో కొడితే నట్టు అంచులు లేచిపోతాయి. నకిల్‌ను తిప్పే స్టీరింగ్ ఆర్ము కోన్ వాషర్లు (స్టడ్డు, అంటే నట్టు ఎక్కే మర కడ్డీ, చుట్టూ బిగుసుకునే శంకు ఆకారపు వాషర్లు) ఊడాలంటే స్టడ్డును ముట్టుకోకుండా ఆర్మును పక్కనుంచి ఇత్తడి సుత్తితో కొట్టాలి. నకిల్ బేరింగుల దగ్గరి పై షిమ్ములు, కింది షిమ్ములు (సర్దుబాటుకు వేసే పల్చటి రేకులు) కలిసిపోకుండా విడివిడిగా కట్టి పెట్టుకోండి. కలిస్తే షాఫ్టు మధ్యకు రాదు.

బిగించేటప్పుడు మాలీ గ్రీజును (మాలిబ్డినం కలిసిన గ్రీజును) జాయింటు గుండ్ల సందుల్లోకి బాగా కుక్కి, నకిల్‌ను ముప్పావు వంతు నింపండి. స్టీరింగ్ ఆర్ము స్టడ్ల మీద గ్రీజు, నూనె చుక్క కూడా ఉండకూడదు. వాటి నట్లకు 96 న్యూటన్ మీటర్ల టార్క్. ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే: రాళ్ల మీద మొదటి రోజు తిరిగాక ఆ నట్లను మళ్లీ టార్క్ రెంచితో చూడాలి. కోన్ వాషర్లు కుదురుకునేకొద్దీ నట్లు వదులవుతాయి. వదులైన ఆర్ము స్టడ్లను ఒక్కొక్కటిగా తెంచుతుంది, ఆపైన స్టీరింగ్ చేతిలో ఉండదు.