పండగ మూడు రోజులూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే

అంబత్తూరు ఎస్టేట్‌లో మా ఫ్యాక్టరీకి 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. 11 కేవీని, అంటే 11 వేల వోల్టులను, 433 వోల్టులకు దింపుతుంది. దాని మంచిచెడ్డలు నావే. డిసెంబరు వానల్లో ఒకరోజు తలెత్తి చూస్తే, లోపలికి పోయే గాలిలోని తేమను పీల్చే బ్రీదర్‌లో, నీలంగా ఉండాల్సిన సిలికా జెల్ మొత్తం చెమ్మ పట్టి గులాబీ రంగుకు తిరిగిపోయింది. కింద కప్పులో నూనె చుక్క లేదు. ఆ నూనె అడ్డం లేకపోతే జెల్ రాత్రింబవళ్లూ చెన్నై గాలిని తాగుతూనే ఉంటుంది. ఎన్నాళ్ల నుంచి అలా ఉందో! లాగ్‌బుక్‌లో రోజూ 'బ్రీదర్ ఓకే' అని సంతకం పెట్టింది మాత్రం నేనే.

వాన తెరిపిచ్చాక, కింది వాల్వ్ నుంచి కాస్త నూనె వదిలేసి, సీసాను అదే నూనెతో తొలిచి శాంపిల్ పట్టాను. నూనె ఎంత వోల్టేజీని తట్టుకుంటుందో చూసే టెస్ట్ కిట్‌లో ఎలక్ట్రోడ్ల మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు. వోల్టేజీ పెంచుతూ పోతే 21 కేవీ దగ్గరే నిప్పురవ్వ చిటుక్కుమంది. ఆరుసార్ల సగటు 22 కేవీ. వాడకంలో ఉన్న నూనెకు 30 అయినా ఉండాలి.

ఆదివారం షట్‌డౌన్ తీసుకుని నూనెను ఫిల్టర్ పట్టించాం. రాత్రికి 60 దాటింది. హమ్మయ్య అనుకున్నాం. మూడు వారాల తర్వాత చూస్తే మళ్లీ 35!

కాంట్రాక్టరు మా నెల్లూరాయనే. "నూనె ఆరింది గానీ కాగితం ఆరలేదు తమ్ముడూ. ఒక్కరోజు చాలదని అప్పుడే చెప్పా గదా" అన్నాడు. చెప్పాడు, మా మేనేజరే ఒప్పుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో చెమ్మ దాదాపు అంతా వైండింగ్‌కు, అంటే లోపలి తీగచుట్లకు, చుట్టిన కాగితంలోనే దాక్కుంటుంది. నూనెలో ఉండేది కొసరు. నూనె పాడైతే మార్చొచ్చు, కాగితం మార్చాలంటే ట్రాన్స్‌ఫార్మర్ విప్పాల్సిందే.

పొంగల్‌కు ఫ్యాక్టరీ మూడు రోజులు మూత. ఊరికి రాలేనని ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ మాట్లాడకుండా పెట్టేసింది.

భోగి పొద్దున జనరేటర్ మీద ఫిల్టర్ మెషిన్ ఆన్ చేశాం. నూనెను 60 డిగ్రీలకు కాచి, వాక్యూమ్‌లో తేమ లాగేసి, మళ్లీ ట్యాంకులోకి తోస్తుంది. వేడి పోకుండా ట్యాంకు చుట్టూ టార్పాలిన్ కట్టాం. గంట గంటకూ మెగ్గర్ రీడింగ్, అంటే వైండింగ్ ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత; ఎక్కువుంటే మంచిది. మొదట 300 మెగాఓములు ఉన్నది, వేడెక్కేకొద్దీ దిగి సాయంత్రానికి 40కి వచ్చింది. నాకు కాళ్లు వణికాయి. "అన్నా, ఉన్నది కూడా పోతోందే!" అన్నాను. "వేడికి అది పడాలి. కాసుకో" అని టీ తాగుతూ కూర్చున్నాడాయన.

రాత్రంతా 40 దగ్గరే నిలిచింది. సంక్రాంతి రోజు మధ్యాహ్నం 45, చీకటిపడే వేళకు 60. నూనె వేడి మాత్రం అంతే. కాగితం చెమ్మ వదులుతోందన్నమాట. కనుమ పొద్దుటికి 130 దగ్గర నాలుగు రీడింగులు వరసగా కదల్లేదు. అప్పుడు ఆపాం. చల్లారాక 1,500 పైనే చూపించింది.

కొత్త జెల్ పోసి, కప్పులో గీత దాకా నూనె నింపాను. ఏప్రిల్‌లో మళ్లీ శాంపిల్ తీస్తే 56.