అవతలి గొంతు

జులై 18, శుక్రవారం.

తెల్లవారి ఐదింటికే మైకు అందుకుంది. తమిళుల ఆడి నెల నిన్న పుట్టింది, ఇవాళ మొదటి శుక్రవారం. ఈ చెన్నైలో మా వీధి చివర మారియమ్మ గుడి ముందు పెద్ద గుండిగల్లో అంబలి కాస్తున్నారు. మనకు ఆషాఢం ఇంకో ఆరు రోజుల్లో అయిపోతుంది, వీళ్ళకి ఇప్పుడే మొదలు. పెళ్ళిళ్ళు మాత్రం అక్కడా లేవు, ఇక్కడా లేవు. పెళ్ళి పత్రికల వ్యాపారం కాబట్టి మా షాపుకి ఇది కాస్త తెరిపి దొరికే నెల. తెరిపి అమ్మకాల వాళ్ళకే, లెక్కల వాళ్ళకి కాదు. 20వ తేదీలోపు జీఎస్టీఆర్ 3బి, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్ను, వెయ్యాలి. ఈసారి 20 ఆదివారం పడింది. చేతిలో ఉన్నది ఇవాళ, రేపు.

సైదాపేటలో బండి ఎక్కితే కిటికీ పక్కనే చోటు దొరికింది. పోయినేడు ఇదే రోజుల్లో, ఇదే బండిలో, ఫోన్లో వార్తలు చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయాను. బాబ్ న్యూహార్ట్ అనే అమెరికా హాస్యనటుడు జులై 18న పోయాడని, వయసు 94 అని. ఆ పేరు అంతకుముందు నేను వినలేదు. చదువుతూ పోతే ఒకప్పుడు అకౌంటెంటుగా పనిచేశాడని ఉంది. ఇంకా కిందికి పోతే మాటలో నత్తి ఉండేదని ఉంది. నేను అకౌంటెంటుని. నాకు నత్తి ఉంది. బీచ్ స్టేషన్ వచ్చినా లేవలేదు, ఎదురు సీట్లో ఆయన భుజం తట్టి చెబితే దిగాను.

ఆ తర్వాత ఈ ఏడాదంతా రైల్లో ఆయన్నే విన్నాను. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా ఆయన మాట నాకు అందుతుంది, ఎందుకంటే ఆయన తొందరపడడు. ఒక మాట అంటాడు, ఆగుతాడు, అదే మాట మొదటి అక్షరం దగ్గర కాస్త తచ్చాడతాడు, మళ్ళీ అంటాడు. ఆ ఆగిన చోట జనం నవ్వు వినిపిస్తుంది. తడబడ్డందుకు నవ్వే నవ్వు ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఇది ఆ నవ్వు కాదు.

ఆయనది షికాగో పక్కన ఓక్ పార్క్. 1929లో పుట్టాడు. కామర్స్ లాంటి చదువే చదివాడు, కొరియా యుద్ధం రోజుల్లో నిర్బంధంగా సైన్యంలోకి తీసుకుంటే పోయొచ్చాడు, వచ్చి ఒక జిప్సం కంపెనీలో లెక్కలు రాశాడు. కొన్నాళ్ళు నిరుద్యోగ భృతి ఇచ్చే ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. అక్కడ తనకి వారానికి 60 డాలర్లు, భృతి తీసుకునేవాళ్ళకి 55, వాళ్ళు వారానికి ఒక్కరోజు వస్తే చాలు. ఆ లెక్క చూసుకుని మానేశానని తనే చెప్పేవాడు.

నన్ను పట్టేసింది ఆ తర్వాతి సంగతి. ఎడ్ గాలగర్ అనే స్నేహితుడూ ఈయనా పొద్దుపోక ఒకరికొకరు ఫోన్ చేసుకుని, ఎవరెవరిలాగానో నటిస్తూ మాట్లాడుకునేవాళ్ళు. దాన్నే టేపు చేసి రేడియో స్టేషన్లకి అమ్మజూశారు. పెద్దగా ఏమీ రాలేదు. ఇంతలో గాలగర్‌కి న్యూయార్క్‌లో ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయాడు. ఫోనుకి ఇవతల ఈయన మిగిలాడు, అవతల ఎవరూ లేరు. ఈయన ఇంకో మనిషిని వెతుక్కోలేదు. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచి మాట్లాడటం మొదలుపెట్టాడు.

అలాంటి ఒకదాంట్లో, అమెరికా అధ్యక్షుడు లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగానికి పోబోతుంటే ఆయన పబ్లిసిటీ మనిషి ఫోన్ చేస్తాడు. మనకి వినిపించేది ఆ మనిషి మాట ఒక్కటే. లింకన్ నోటి నుంచి ఒక్క ముక్క రాదు. అయినా, 'నాలుగు ఇరవైల ఏడేళ్ళ కిందట' అని రాసిచ్చినదాన్ని లింకన్ 87 అని మార్చి పెట్టుకున్నాడని మనకి తెలిసిపోతుంది. ఎలా తెలుస్తుందంటే, ఈయన ఆగిన తీరులో తెలుస్తుంది. విన్నట్టు ఆగుతాడు. విన్నది నచ్చనట్టు ఇంకాస్త ఆగుతాడు.

మన బళ్ళల్లో ఏకపాత్రాభినయం ఉండేది కదా, అదే ఇది. దుర్యోధనుడు ఒక్కడే మయసభలో తిరుగుతుంటాడు, సభ మన కళ్ళకి కడుతుంది. ఏడో తరగతిలో ఆ దుర్యోధనుడి పాఠం నాకు మొత్తం వచ్చు. చెరువు కట్ట మీద గేదెల్ని తోలుకుపోతూ ఒక్క అక్షరం తట్టుకోకుండా చెప్పేవాణ్ణి. పాటలోనూ, కంఠస్థం వచ్చిన మాటలోనూ చాలామందికి నత్తి రాదని అప్పుడు తెలియదు, అదేదో దేవుడి మహిమ అనుకున్నాను. వార్షికోత్సవానికి పేరిస్తే మేష్టారు తల అడ్డంగా ఊపి ఇంకో పిల్లాడికి ఇచ్చారు. ఆ పిల్లాడు మధ్యలో మర్చిపోయాడు. తెర వెనకాల నిలబడి నేను పెదాలు కదుపుతూనే ఉన్నాను.

న్యూహార్ట్ టేపులు విన్న రేడియో మనిషి ఒకాయన వాటిని వార్నర్ రికార్డు కంపెనీకి చేరవేశాడు. మీరు ఈసారి ఏ క్లబ్బులో చేస్తారో చెప్పండి, వచ్చి రికార్డు చేసుకుంటాం అన్నారు వాళ్ళు. ఆయన అప్పటికి ఏ క్లబ్బులోనూ చేసి ఎరగడు. వెతికి వెతికి హ్యూస్టన్‌లో ఒకచోట కుదిర్చారు. 1960 ఫిబ్రవరిలో అక్కడ రికార్డు చేశారు. హాస్యానికి సంబంధించిన రికార్డు అమెరికాలో ఆల్బమ్‌లకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి పోవడం అదే మొదలు. మరుసటి ఏడు గ్రామీ సంగీత బహుమతుల్లో ఏడాది ఉత్తమ ఆల్బమ్ అదే, ఉత్తమ కొత్త కళాకారుడు ఆయనే. ఒకప్పుడు ఖాతా పుస్తకాలు రాసిన మనిషి! ఈ ముక్క ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఆఫీసుకి చేరి బీరువా తీస్తే చిల్లర ఖర్చుల పెట్టీ క్యాష్‌లో 40 రూపాయలు తక్కువ. ఆండర్సన్ స్ట్రీట్‌లో మా షాపు పైన మిద్దె మీద చిన్న గది మాది. పదకొండింటిదాకా వోచర్లన్నీ బల్లమీద పరుచుకుని కూర్చున్నాను. టీలు, ఆటోలు, గోనెదారం, మూటకూలి. చివరికి మూటకూలి వోచర్లోనే దొరికింది. 360 ఇచ్చారు, ఆ ఆరు తలకాయ విడిపోయి రెండులా కనిపించడంతో నేను 320 ఎక్కించాను. న్యూహార్ట్ అయితే సాయంత్రం తక్కువ పడితే జేబులోంచి వేసేవాడట, ఎక్కువొస్తే తీసుకునేవాడట, అంత చిన్న తేడా కోసం గంటలకి గంటలు జీతమిచ్చి వెతికించడం ఎందుకని. ఇందులో మాత్రం నేను ఆయన పక్షం కాను. ఆ 40 రూపాయలు దొరక్కపోతే కూలీ మనిషి మీదికి మాట వచ్చేది.

భోంచేసేటప్పుడు ఇవాళ ఆయన పోయిన రోజని మా జూనియర్‌కి చెప్పాను. తడ ఊరి కుర్రాడు, చురుకైనవాడు. "ఆ తాత నాకు తెలుసు సార్, బిగ్ బ్యాంగ్ థియరీలో ప్రొఫెసర్ ప్రోటాన్" అన్నాడు. అవును, ఆయనే. ఆ టీవీ షోలో, ఒకప్పుడు పిల్లలకి టీవీలో సైన్సు చెప్పిన ముసలాయన వేషం. ఆ వేషానికే 2013లో ఆయనకి మొదటిసారి ఎమ్మీ, టీవీ వాళ్ళ పెద్ద బహుమతి, వచ్చింది, 84 ఏళ్ళప్పుడు. కుర్రాడు నమ్మలేదు. అన్నేళ్ళు టీవీలో ఉండీనా అన్నాడు.

అన్నేళ్ళు ఉండే. 1961లో చేసిన మొదటి షో బహుమతులు తెచ్చుకుని కూడా ఏడాదికే ఆగిపోయింది. 1972 నుంచి 1978 దాకా సీబీఎస్ టీవీలో షికాగో సైకాలజిస్టు వేషం. రోగులు వస్తారు, మాట్లాడతారు, ఈయన వింటాడు. మాట్లాడేవాడికి కాకుండా వినేవాడికి కథానాయకుడి వేషం ఇచ్చారు చూడండి, అది నాకు చాలా గొప్పగా తోస్తుంది. అందులోనూ సైకియాట్రిస్టు వద్దు, సైకాలజిస్టు చాలు అన్నాడట, తీవ్రమైన జబ్బుతో ఉన్నవాళ్ళ మీద నవ్వు పుట్టించడం ఇష్టం లేక. ఆ తర్వాత 1982 నుంచి 1990 దాకా వెర్మాంట్‌లో సత్రం నడిపే మనిషిగా ఇంకో షో. దాని ఆఖరి ఎపిసోడ్లో ఈయన మంచం మీద లేచి కూర్చుంటాడు, పక్కన ఉన్నది పాత షోలో భార్య. ఎనిమిదేళ్ళ కథంతా ఆ పాత షో సైకాలజిస్టుకి వచ్చిన కలే. ఆ ఆలోచన ఇచ్చింది తన భార్య జిన్నీ అని చెప్పేవాడు. ఆవిడ 2023లో పోయింది, మరుసటేడు ఈయన.

షో నిడివి ఎక్కువవుతోందని, ఆ తడబాటు కాస్త తగ్గించుకుంటే టైము కలిసొస్తుందని ఒకసారి నిర్మాత అడిగాడట. కుదరదు, బెవర్లీ హిల్స్‌లో నా ఇల్లు ఆ తడబాటు కొనిపెట్టిందే అన్నాడట. ఈ సంగతి కుర్రాడికి చెబుతుంటే 'బెవర్లీ' దగ్గర నాకు మాట పట్టేసింది. వాడు అందించబోయి, ఏమనుకున్నాడో, ఊరుకున్నాడు. వచ్చిందాకా చూశాడు.

మధ్యాహ్నం 2బి, అంటే మాకు సరుకు అమ్మినవాళ్ళు చూపిన బిల్లుల జాబితా, సరిచూస్తుంటే శివకాశి పార్టీది ఒక బిల్లు కనబడలేదు. ట్యాక్సే 18,400. ఇలాంటి ఫోన్లు కుర్రాడి చేత చేయిస్తాను. ఫోను నాకు చిన్నప్పట్నుంచీ గండం. ఎదురుగా ఉన్న మనిషికి నా పెదాలు కనిపిస్తాయి, మాట వస్తోందని తెలుస్తుంది. ఫోన్లో అది లేదు. వాట్సాప్ వచ్చాక నా బతుకు ఎంత తేలికయిందో ఇంకెవరికీ అర్థం కాదు. ఇవాళ కుర్రాడు బ్యాంకుకి పోయున్నాడు. అయిదు నిమిషాలు ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

చేశాను. అవతల "వణక్కం, చెప్పండి" అన్నారు. మాది ఏ షాపో చెప్పాలి, మొదటి అక్షరమే రాలేదు. నాలుక అంగిట్లో అతుక్కుని, గొంతులో గాలి బిగదీసుకుని, మెడ నరం ఉబ్బింది. అవతల రెండుసార్లు హలో అన్నారు, లైను కట్టయిందనుకుని పెట్టేశారు. మళ్ళీ చేశాను. ఈసారి ఏ షాపో చెప్పలేదు. "నాకు నత్తి ఉందండీ, కాసేపు ఆగండి" అన్నాను తమిళంలో. ఆశ్చర్యం, ఆ మాట తట్టుకోలేదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, ఎవరో అచ్చు మిషను ఆపిన చప్పుడు వినిపించాయి. "పరవాలేదు సార్, నిదానంగా" అన్నాడాయన. వయసు మళ్ళిన గొంతు.

పని మాత్రం కాలేదు. వాళ్ళు తమ అమ్మకాల రిటర్ను, జీఎస్టీఆర్ 1, పదకొండో తేదీ దాటాక వేశారు. ఆ బిల్లు ట్యాక్సుని మేం కట్టేదాంట్లో తగ్గించుకునే క్రెడిట్ వచ్చే నెలే. ఓనరుగారికి చెబితే మొహం ముడుచుకున్నారు. 18,400 ఈ నెల చేతి నుంచి కట్టాలి మరి. కానీ నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు మాట్లాడాను. ఫోన్లో ఆ అంకె చూసుకుని, అందులో సగమైనా ఊరికే ఆగి ఉన్న సమయమే అనుకున్నాను. ఆ సగం అంతా ఆయన లైన్లోనే ఉన్నాడు.

సాయంత్రం బండి మాంబళం దగ్గర నిండిపోయింది. ఆడి తగ్గింపు సంచులతో ఆడవాళ్ళు, ఒకావిడ చీరల పెట్టె నా ఒళ్ళో పెట్టి నిలబడింది. సైదాపేటలో దిగేటప్పుడు తీసుకుంది.

ఎనిమిదిన్నరకి నాయుడుపేట నుంచి అమ్మ ఫోను. మా అమ్మాయి పక్కనే హోంవర్కు రాసుకుంటోంది. నేను అమ్మతో మాట్లాడుతుంటే నా మాటలు విని అవ్వ ఏమందో చెప్పడం దానికి ఆట. అమ్మ కాలునొప్పి, పాలవాడు, మేనమామ కూతురి సంబంధం అన్నీ నా 'ఊ'లనుబట్టే కనిపెట్టేస్తుంది. ఇవాళ అమ్మ ఉన్నట్టుండి, "అబ్బయ్యా, రోడ్డు ఎడల్పు చేస్తన్నారంట, మన యాపచెట్టు కొట్టేస్తారంటరా" అంది. నాయన నాటిన చెట్టు. ఏదో అడగబోయాను, మాట పట్టేసింది. అమ్మ హలో అనలేదు. నా మాట మధ్యలో తను అందుకుని పూర్తిచెయ్యడం ఈ నలభై అయిదేళ్ళలో ఒక్కసారీ లేదు. అలాగే ఆగింది. ఎక్కడో కుక్క మొరిగింది, ఇద్దరం విన్నాం. "ఎ... ఎప్పుడంట?" అన్నాను.

ఫోను పెట్టాక అమ్మాయి పెన్సిలు కిందపెట్టింది.

"నాన్నా, అవ్వ ఏడ్చిందా?"

"లేదమ్మా. ఏం?"

"నువ్వు ఊ అన్లేదు కదా, అందుకని."

రేపు రాత్రికల్లా 3బి వేసెయ్యాలి. ఆదివారం పొద్దున సెంట్రల్ నుంచి గూడూరు వైపు బండి ఎన్నింటికో చూడాలి. అమ్మాయి కూడా వస్తానంటోంది.