శిక్ష నిలవకపోతే బాధితులకు మిగిలేదేమిటి?

గుంటూరులో అట్రాసిటీ కేసుల గురించి ఎక్కడ మాట మొదలైనా చుండూరుకే చేరుతుంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. స్పెషల్ కోర్టు ఆ ఊళ్లోనే విచారణ జరిపి 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. అందుకే ఏ అంతర్జాతీయ ఒప్పందం చదివినా నేను మొదట చూసేది ఒకటే: ముద్దాయి విడుదలైతే బాధితుల చేతిలో ఏం ఉంటుంది?

1948 నాటి జాతిహనన ఒప్పందంలో 19 ఆర్టికల్స్ ఉన్నాయి. బాధితుల హక్కుల మీద ఒక్కటీ లేదు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పాటు చేసిన 1998 నాటి రోమ్ ఒప్పందం (మన దేశం ఇందులో చేరలేదు) చాలా ముందుకెళ్లింది. ఆర్టికల్ 68(3) ప్రకారం బాధితులు లాయరు ద్వారా తమ గోడు నేరుగా జడ్జీల ముందు పెట్టుకోవచ్చు. ఆర్టికల్ 75 నష్టపరిహారం ఇస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. 75 కింద ఉత్తర్వు వేసేది శిక్ష పడిన మనిషి మీదే. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో తన సేనలు చేసిన హత్యలు, అత్యాచారాలకు కాంగో నేత బెంబా మీద ఆ కోర్టులో నడిచిన కేసులో 5,000 మందికి పైగా బాధితులు పాల్గొన్నారు. 2016లో నేరం రుజువైందన్నారు, 2018 జూన్ 8న అప్పీల్లో వదిలేశారు. దాంతో పరిహారం విచారణ కూడా మూతపడింది. ఇక దిక్కు బాధితుల కోసం ఆ ఒప్పందం కిందే పెట్టిన ట్రస్టు ఫండ్ ఇచ్చే సాయమే. దానికి శిక్షతో పని లేదు గానీ, అది విరాళాల మీద నడిచేది. హక్కుగా అడిగి తీసుకునేది కాదు.

ఈ ఒక్క విషయంలో మన ఎస్సీ, ఎస్టీ చట్టమే మెరుగని నా అభిప్రాయం. 2016లో సవరించిన రూల్స్ ప్రకారం హత్యకు 8.25 లక్షలు. పోస్టుమార్టం అయ్యాక సగం, చార్జిషీటు కోర్టుకు వెళ్లాక మిగతా సగం. తీర్పు దాకా ఆగక్కర్లేదు. అయితే చాలా నేరాల్లో చివరి 25 శాతం మాత్రం కింది కోర్టులో శిక్ష పడితేనే వస్తుంది.

జారిపోయే హక్కు ఇంకొకటుంది. ఇదే ఎస్సీ, ఎస్టీ చట్టం సెక్షన్ 15ఏ కింద బెయిలు పిటిషన్ వచ్చినప్పుడు బాధితులకు నోటీసు ఇవ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇది తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. నోటీసు లేకుండా బెయిలు ఇచ్చేస్తే ఊరుకోవద్దు. ఆ లోపాన్నే కారణంగా చూపి పైకోర్టుకు వెళ్లండి.

ఇప్పుడు మానవత్వంపై నేరాల (పౌరుల మీద పెద్ద ఎత్తున గానీ పథకం ప్రకారం గానీ సాగే హత్యలు, హింస లాంటివి) మీద ఐక్యరాజ్యసమితిలో కొత్త ఒప్పందం తయారవుతోంది. చర్చల సదస్సు 2028, 2029లో. దానికి ఆధారమైన ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ న్యాయ కమిషన్ 2019 ముసాయిదాలో ఆర్టికల్ 12 పరిహారం బాధ్యతను దేశాల మీదే పెట్టింది, శిక్ష పడాలన్న షరతు పెట్టలేదు. అది పోకుండా చూసుకోవాలి. కానీ బాధితులంటే ఎవరో అందులో రాయలేదు. మన చట్టం బంధువులను, వారసులను కూడా బాధితులే అంటుంది. ఆ మాట ఒప్పందంలోనూ ఉండాలి. చుండూరు నుంచి తెనాలికి వెళ్లిపోయిన కుటుంబాల్లాంటి వాళ్లు ఎక్కడున్నా లెక్కలోకి రావాలంటే అదే దారి.