జంబలాయ వండాను, కానీ గరిటె నా చేతిలో లేదు

చొక్కాకి పట్టిన పొగ వాసన ఇంకా పోలేదు. అయినా వేడి మీదే రాసేస్తున్నాను, రేపటికి కోపం తగ్గిపోతే ఇంత బాగా రాయలేను. చికెన్, టాసో అనే పొగబెట్టిన పంది మాంసం వేసి ఇంట్లో జంబలాయ వండాను, అంటే మాంసం, బియ్యం ఒకే కళాయిలో కలిపి వండే ఇక్కడి అన్నం వంటకం. బాగా వచ్చింది, చాలా బాగా వచ్చింది. కానీ నా వంటింట్లో నా చేతిలో గరిటె ఇంకొకరు తీసేసుకునే రోజు వస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మేం ఉండేది అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో, బాటన్ రూజ్ దగ్గర. ఇక్కడ పెళ్ళికీ, చావుకీ, చర్చి చందాలకీ, ఫుట్‌బాల్ మ్యాచ్‌కీ అన్నిటికీ జంబలాయే. న్యూ ఆర్లిన్స్‌లో టమాటా వేసి ఎర్రగా చేస్తారు, అది క్రియోల్ పద్ధతి. మా వైపు కేజన్ పద్ధతి, టమాటా ఊసే ఉండదు, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. మాకు దగ్గర్లోనే గొంజాలెస్ అని ఊరుంది. 1968లో అప్పటి గవర్నర్ జాన్ మెకీథెన్ దాన్ని ప్రపంచ జంబలాయ రాజధాని అని ప్రకటించాడు. ఏటా మే నెలాఖరులో అక్కడ పండగ చేస్తారు, కట్టెల మంట మీద పెద్ద పెద్ద ఇనప కళాయిలు పెట్టి పోటీలు పడతారు. ఆ ఊరి పెద్దాయన ఒకాయన మా ఆఫీసులో నా పక్క సీటు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ముందు టాసో సంగతి. పేరుకి హ్యామ్ అంటారు గానీ అది తొడ మాంసం కాదు, పంది భుజం మాంసం. పట్టీలుగా కోసి, ఉప్పులో ఊరబెట్టి, కెయెన్ కారం, వెల్లుల్లి, మిరియాలు దట్టంగా పట్టించి పొగబెడతారు. ఉత్తగా తినే సరుకు కాదు, మనం వంకాయలో ఎండు రొయ్యలు వేసినట్టు రుచి కోసం కొద్దిగా వేసేది. దీనికోసం మా ఇంటి దగ్గర పెద్ద సూపర్ మార్కెట్‌కి వెళ్తే, మాంసం కౌంటర్‌లో కుర్రాడు తేనె పూసిన హ్యామ్ చేతిలో పెట్టి "రెండూ ఒకటేలెండి" అన్నాడు. ఒకటే ఎలా అవుతుంది నాయనా, ఇది తియ్యగా ఉంటుంది, అది నోరు మండిస్తుంది! ఊళ్ళో పుట్టి పెరిగినవాడికి నేను చెప్పాల్సి వచ్చింది. మీరు మాత్రం సూపర్ మార్కెట్ల చుట్టూ తిరగకండి, వాళ్ళే పొగబెట్టుకునే చిన్న మాంసం కొట్టుకి వెళ్ళండి. పంది తినని ఇళ్ళకి టర్కీ టాసో కూడా దొరుకుతుంది, మా ఆవిడ కోసం అది కూడా చూశాను గానీ చివరికి తనే "ఈసారికి నాకు పెరుగన్నం చాలు" అంది.

అర పౌను టాసో, రెండున్నర పౌన్ల చికెన్ తొడలు ఎముకతో, 3 పెద్ద ఉల్లిపాయలు, ఒక పచ్చ క్యాప్సికం, 3 సెలెరీ కాడలు, వెల్లుల్లి, 3 కప్పుల లాంగ్ గ్రెయిన్ బియ్యం. తరగడం అరగంటలో అయిపోయింది. బాస్మతి వద్దు, విరిగిపోతుంది.

పెద్దాయన్ని భోజనానికి పిలిచాను, ఆయన మర్యాదకి గంట ముందే వచ్చేశాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా తెలుగు సంఘం ఉగాదికి వందమందికి దమ్ బిర్యానీ వండేది నేనే, ఆ రోజు గిన్నె మూత తీస్తే పార్కింగ్‌లో ఉన్నవాళ్ళు కూడా లోపలికొస్తారు. అలాంటి నేను చికెన్‌ని నూనెలో వేసి, రెండు వైపులా బంగారు రంగు రాగానే తీయబోయాను. ఆయన కుర్చీలోంచి కదలకుండా "ఇంకా లేదు" అన్నాడు. సరే అని ఇంకాస్త ఉంచాను. "ఇంకా లేదు." ముక్కలు అడుగంటుతున్నాయి, కలపబోతే "కలపకు, అంటుకోనీ" అన్నాడు. మన వంటలో అడుగంటడమంటే వంట పాడైనట్టే కదా, నాకు చెమటలు పట్టాయి.

సరిగ్గా అప్పుడే అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్. ఫోన్ కళాయి వైపు తిప్పాను. "ఒరేయ్, మాడిపోతోంది, స్టవ్ ఆపరా, ఆ నల్లదేంట్రా అడుగున?" అని ఒకటే గోల. ఇటు ఈయన "ఇంకా లేదు." ఒక చెవిలో తెలుగు, ఒక చెవిలో ఇంగ్లిష్, మధ్యలో స్మోక్ అలారం మొదలెట్టింది. మా ఆవిడ కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతూ "ఏమండీ, కిటికీ తియ్యండి" అని అరుస్తుంటే, ఈయన లేచి, ఏమాత్రం తొందర లేకుండా నా చేతిలో చెక్క గరిటె తీసుకుని నన్ను భుజంతో పక్కకి నెట్టాడు. మా అబ్బాయి అదంతా ఫోన్‌లో తీశాడు, అమ్మ వాట్సాప్ గ్రూపులో ఇప్పటికే తిరుగుతోంది.

కానీ ఆ తర్వాత ఆయన చేసింది చూసి తీరాల్సిందే. చికెన్ తీసి పక్కన పెట్టి, వేలి గోరంత ముక్కలుగా కోసిన టాసో వేసి కొవ్వు కరిగేదాకా వేయించాడు. అడుగంతా నల్ల జిగురులా పట్టేసింది. అప్పుడు ఉల్లిపాయ వేశాడు. ఉల్లి నీరు వదలగానే గరిటెతో అడుగు గీకితే ఆ నలుపంతా లేచి ఉల్లిలో కలిసిపోయింది. మళ్ళీ అంటుకోనిచ్చి, గరిటెడు నీళ్ళు చల్లి మళ్ళీ గీకాడు. అలా చాలాసేపు. ఉల్లిపాయ పూర్తిగా కరిగి ముదురు రంగుకి వచ్చాకే క్యాప్సికం, సెలెరీ, చివర్లో వెల్లుల్లి. పసుపు లేదు, టమాటా లేదు, ఆ రంగు మొత్తం కళాయి అడుగు నుంచి వచ్చిందే. కొందరు నూనెలో కాస్త పంచదార మాడ్చి రంగు తెస్తారు, సీసాలో రంగు కొని పోసేవాళ్ళూ ఉన్నారు, ఆ మాట అడిగితే ఈయన జవాబు కూడా చెప్పలేదు. నాన్‌స్టిక్ గిన్నెలో ఇది జన్మలో రాదు, మందపాటి ఇనప కళాయి ఉండాల్సిందే.

ఆ తర్వాతది సులువే. చికెన్ మళ్ళీ వేసి, ఐదున్నర కప్పుల చికెన్ స్టాక్ (కోడి ఎముకలు ఉడికించిన నీళ్ళు) పోసి మరగనివ్వాలి. ఉప్పు ముందు వెయ్యకండి, టాసోలోనే బోలెడంత ఉంటుంది. మరిగాక రుచి చూసుకుని, పులుసు ఒక పిసరు ఉప్పగా ఉండేలా సర్దుకోండి, బియ్యం పీల్చేస్తుంది. బియ్యం పోసి, నీళ్ళు బియ్యం మట్టానికి దిగేదాకా మరిగించి, మంట బాగా తగ్గించి మూత పెట్టాలి. పది నిమిషాలకి ఒక్కసారి అడుగు నుంచి పైకి తిప్పాలి, కలపకూడదు. ఇంకో పావుగంట మూత జోలికి పోకూడదు. ఇక్కడ మాత్రం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, దమ్ బిర్యానీ వండే చెయ్యి కదా. మూత నేనే తీశాను. ఒక్క మెతుకు విరగలేదు. ఆయన చూసి తలూపాడు, అంతే, ఒక్క మాట అనలేదు. మూడు ప్లేట్లు తిన్నాడు గానీ.

అన్నట్టు, ఏళ్ళ తరబడి ఇక్కడే ఉంటూ, వారం వారం ఇండియన్ స్టోర్‌కి గంట డ్రైవ్ చేస్తూ, ఈ ఊరి తిండి ముట్టని మనవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నిన్న మిగిలింది ఇద్దరికి పంపితే ఒకాయన "బిర్యానీ మసాలా మర్చిపోయారా" అని మెసేజ్ పెట్టాడు. ఆయనకి ఇంకెప్పుడూ పంపను.

వేడి చెయ్యాలంటే మైక్రోవేవ్ వద్దు, మూకుడులో కాసిని నీళ్ళు చల్లి మూత పెట్టండి. మిగిలిన టాసో ఫ్రీజర్‌లో పెట్టాను. ఇక్కడివాళ్ళు సోమవారం రెడ్ బీన్స్ వండుతారు, అందులో వేస్తాను. ఆ రోజు మాత్రం భోజనానికి ఎవరినీ పిలవట్లేదు.