41 ఏళ్ల వయసులో నర్సింగ్ చదువు: నా అనుభవం

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లల్లో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఈ మధ్య ఎవరో ఒకరు పక్కకి పిలిచి అడుగుతున్నారు, "అక్కా, నర్సింగ్‌లో ఎలా చేరావు? ఈ వయసులో నేనూ చేరొచ్చా?" అని. చేతిలో ప్లేటు పట్టుకుని పది నిమిషాల్లో చెప్పే విషయం కాదిది. అందుకే రాస్తున్నాను.

మాది గుంటూరు. అక్కడే బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. పెళ్లయ్యాక హెచ్4 (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద టెక్సస్ వచ్చాను. ఇద్దరు పిల్లలు పుట్టారు, వాళ్ల పెంపకంలో ఏళ్లు గడిచిపోయాయి. చిన్నవాడు స్కూల్లో చేరాక నాకు అందరూ చెప్పిన సలహా ఒక్కటే: సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసెయ్యి, ఉద్యోగం వస్తుంది. ఆ పని మీద నాకు ఎప్పుడూ మనసు పోలేదు. పైగా మా ఆయన ఉద్యోగం లేఆఫ్‌లో పోయినప్పుడు, ఇంట్లో ఇద్దరం ఒకే రంగాన్ని నమ్ముకోకూడదని గట్టిగా అనిపించింది. అప్పుడే నర్సింగ్ మాట ఎత్తాను. ఆయన వెంటనే సరేనన్నారు. ఊళ్లో పెద్దవాళ్లకే నచ్చలేదు. "డిగ్రీ చదివి బెడ్‌పాన్‌లు ఎత్తుతావా అమ్మా?" అని అత్తయ్యగారు ఫోన్లో అడిగారు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. మన ఇళ్లల్లో డాక్టరుకిచ్చే గౌరవంలో సగమైనా నర్సుకి ఇవ్వరు. మంచాన పడ్డప్పుడు రాత్రంతా కనిపెట్టుకుని ఉండేది మాత్రం ఆ నర్సే.

వీసా సంగతి ముందే చెప్పాలి. హెచ్4 మీద ఉన్నా చదువుకోవచ్చు. పనిచేయాలంటే మాత్రం ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, ఉండాలి. భర్త గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయి ఉంటే దానికి అప్లై చేసుకునే వీలు 2015 నుంచి ఉంది. మీ పరిస్థితి ఏంటో లాయర్‌ని అడిగి తేల్చుకున్నాకే ఫీజు కట్టండి.

నర్సింగ్ అంటే రెండేళ్లే కదా అంటారు. కమ్యూనిటీ కాలేజీలో అసోసియేట్ డిగ్రీ రెండేళ్లే, కానీ అందులో సీటు రావాలంటే ముందు కొన్ని సబ్జెక్టులు పూర్తిచేయాలి. అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, సైకాలజీ, ఇంగ్లిష్. నా గుంటూరు డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో తేల్చే ఇవాల్యుయేషన్‌కి పంపాను. డిగ్రీగా గుర్తించారు గానీ, సైన్స్ సబ్జెక్టులు పాతబడ్డాయి కాబట్టి మళ్లీ చదవాలన్నారు. అప్పుడు బాధేసింది. ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచిదైంది. కిడ్నీ ఎలా పనిచేస్తుందో అప్పుడు కుదురుగా చదివాను కాబట్టే తర్వాత పొటాషియం తగ్గితే గుండె ఎందుకు గతి తప్పుతుందో తేలిగ్గా అర్థమైంది. నన్నడిగితే అనాటమీని ఆన్‌లైన్లో కానివ్వకండి. ల్యాబ్‌కి వెళ్లి ఎముకలు చేత్తో పట్టుకుని చూడండి.

ఆ తర్వాత హెసీ ఏ2 అనే ఎంట్రన్స్. లెక్కలు, ఇంగ్లిష్, అనాటమీ ఉంటాయి. లెక్కలు మనకి కష్టం కాదు. సీటు వచ్చాక వ్యాక్సిన్ రికార్డులు, వేలిముద్రలు, బీఎల్ఎస్ (గుండె, ఊపిరి ఆగితే వెంటనే చేసే ప్రథమ చికిత్స) సర్టిఫికెట్. ఇక్కడ మనవాళ్లకి ఒక చిక్కుంది. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకి టీబీ స్కిన్ టెస్ట్ జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించవచ్చు. బీసీజీ సంగతి చెప్పి, రక్తపరీక్ష చేయమని అడగండి. చివరి నిమిషంలో ఎక్స్‌రేల కోసం తిరిగే టెన్షన్ తప్పుతుంది.

మొదటి సెమిస్టర్లో నన్ను కుదిపేసింది వయసు కాదు, ప్రశ్నల తీరు. ఎంసెట్ బిట్లు చేసి పెరిగినవాళ్లం. ఒక బిట్‌కి ఒకటే సరైన జవాబు, మిగతా మూడూ తప్పు. నర్సింగ్ పరీక్షలో చాలాసార్లు నాలుగూ సరైనవే. ఆపరేషన్ అయిన పేషెంట్ నొప్పి పదికి ఎనిమిది అంటున్నాడు. ఇంకొకరికి కొద్దిగా జ్వరం. మరొకరు డిశ్చార్జ్ కాగితాల కోసం ఎదురుచూస్తున్నారు. నాలుగో గదిలో షుగర్ ఉన్నావిడకి చెమటలు పడుతున్నాయి, మాట తడబడుతోంది. ముందు ఎవరి దగ్గరికి వెళ్తావు? నొప్పితో అరుస్తున్నవాడి వైపు మనసు లాగుతుంది. వెళ్లాల్సింది నాలుగో గదికి. ఆమె షుగర్ పడిపోతూ ఉండొచ్చు, నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు. ఎవరికి కష్టంగా ఉందని కాదు, ఎవరి ప్రాణానికి ముప్పు ముందొస్తుందని చూడాలి. బట్టీ పడితే ఇది రాదు. ప్రతి ప్రశ్నకీ మిగతా మూడూ ఎందుకు వెనకో పైకి చెప్పుకుంటూ చదివాను. మా ప్రోగ్రామ్‌లో 75 వస్తేనే పాస్, 74.9 వచ్చినా ఫెయిలే.

మందుల లెక్కల పరీక్ష వేరే ఉంటుంది. 250 మిల్లీలీటర్లలో 25,000 యూనిట్ల హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ఉంది, గంటకి 1,000 యూనిట్లు ఎక్కాలి, పంపు ఎంతకి పెట్టాలి? పది మిల్లీలీటర్లు. లెక్క చిన్నదే, దశాంశ బిందువు జారితే మనిషి పోతాడు. అందుకే ఆ పరీక్షకి మాత్రం నేను ఎప్పుడూ తొందరపడలేదు.

ఇల్లు ఎలా నడిచిందని ఆడవాళ్లందరూ అడుగుతారు. అన్నీ నేనే చేసుకుంటూ చదివి ఉంటే నడిచేది కాదు. సెమిస్టర్ మొదలవ్వకముందే నలుగురం కూర్చుని పనులు పంచుకున్నాం. క్లినికల్స్ (ఆసుపత్రిలో శిక్షణ) ఉన్న రోజు నేను తెల్లవారుజామున ఐదున్నరకే బయల్దేరాలి కాబట్టి పిల్లల్ని లేపి స్కూలుకి పంపడం ఆయన పని. ఆదివారం వారానికి సరిపడా వంట కూడా ఆయనదే. ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి బట్టల పని తీసుకుంది. సాయం చేస్తామనడం వేరు, అది వాళ్ల పనే కావడం వేరు. సాయమైతే ప్రతిసారీ అడగాలి, అడగడానికే సగం ఓపిక పోతుంది. మా చిన్నవాడు నా పేషెంట్. సోఫాలో పడుకోబెట్టి కళ్లల్లో లైటు వేసి, ఊపిరి విని, పొట్ట నొక్కి, తల నుంచి పాదం దాకా పరీక్ష మొత్తం వాడి మీదే ప్రాక్టీస్ చేశాను. వాడి ఆటల మ్యాచ్‌లు కొన్ని చూడలేకపోయాను. ఆ బాధ నిజం. దాన్ని చిన్నదని నేను చెప్పను.

క్లినికల్స్‌లో ఒక తెలుగు పెద్దాయన తగిలారు. పిల్లల దగ్గరికి వచ్చి ఆసుపత్రి పాలయ్యారు. ఇంతకుమించి వివరాలు చెప్పకూడదు. ఇక్కడ గదిలోకి వచ్చిన ప్రతివాళ్లూ ఐసు నీళ్లు పెట్టి వెళ్తారు. ఆయన ముట్టుకోవట్లేదు. గోరువెచ్చని నీళ్లిస్తే గ్లాసు మొత్తం తాగారు. వైద్యం మాటలు మాత్రం నేను అనువదించకూడదు, దానికి శిక్షణ ఉన్న ఇంటర్‌ప్రెటర్ ట్యాబ్‌లో వస్తారు. నొప్పి ఎంతని అడిగితే ఆయన రెండన్నారు. చెయ్యి మంచం కడ్డీని బిగించి పట్టుకుని ఉంది, కదిలినప్పుడల్లా ముఖం ముడుచుకుంటోంది. అదే నర్సుకి చెప్పాను. ఆమె ఇంటర్‌ప్రెటర్‌ని మళ్లీ పిలిచి, మెల్లగా, ఎక్కడ, ఎప్పుడు అని అడిగింది. ఈసారి ఏడన్నారు. మందు మారింది. ఆ సాయంత్రం కారులో కూర్చుని, ఈ చదువు నాకోసమే ఉందని గట్టిగా అనుకున్నాను. అత్తయ్యగారికీ ఇదే చెప్పాను. ఆవిడ చాలాసేపు విని, "పాపం, ఆయనకి తగ్గిందా?" అన్నారు.

చివరిది ఎన్‌క్లెక్స్, నర్సు లైసెన్స్ కోసం రాసే పరీక్ష. 2023 ఏప్రిల్ నుంచి కొత్త పద్ధతి వచ్చింది. ఒక పేషెంట్ కథ ఇచ్చి దాని మీదే వరసగా కొన్ని ప్రశ్నలు వేస్తారు. పరీక్ష మొత్తంలో ప్రశ్నలు తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150, సమయం ఐదు గంటలు. మన జవాబుల్ని బట్టి కంప్యూటర్ ఎక్కడ ఆపాలో తేలుస్తుంది. త్వరగా ఆగిపోతే భయపడకండి. టెక్సస్‌లో లైసెన్స్‌కి ఇక్కడి నర్సింగ్ చట్టాల మీద జూరిస్‌ప్రుడెన్స్ పరీక్ష కూడా రాయాలి.

ఖర్చు విషయానికొస్తే, కమ్యూనిటీ కాలేజీలో ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ కలిపి నాకు 10,000 డాలర్ల లోపే అయ్యింది. వేరే డిగ్రీ ఉన్నవాళ్లకి ఏడాది, ఏడాదిన్నరలో అయిపోయే యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ) కూడా ఉంది. ప్రైవేటు కాలేజీల్లో దాని ఫీజు చాలా ఎక్కువ, పైగా ఆ వేగం చిన్నపిల్లలున్న ఇంటికి కష్టమని నా అభిప్రాయం.

ఇప్పుడు కార్డియాక్ వార్డులో నైట్ షిఫ్టులు చేస్తున్నాను, వారానికి మూడు, ఒక్కోటి 12 గంటలు. బీఎస్ఎన్‌కి ఆసుపత్రి కొంత ఫీజు ఇస్తానంటోంది, ఆగస్టులో మొదలుపెడుతున్నాను. ఆదివారం వంట ఇంకొన్నాళ్లు ఆయనదేనని ఇంట్లో అప్పుడే మాట అయిపోయింది.