ఈసారి ఇరవై అయిదే!

దీపావళి వెళ్లింది, రాత్రుళ్లు చలి మొదలైంది. అంటే నా ఆలుగడ్డల లెక్కలూ మొదలైనట్టే.

నిరుడు ఆశకు పోయాను. పెరట్లో పదేసి అడుగుల సాళ్లు మూడు, సాలుకీ సాలుకీ రెండడుగులు, ముక్కకీ ముక్కకీ జానెడు. జహీరాబాద్ నుంచి తెచ్చిన విత్తనపు దుంపలు రెండు కిలోలూ కోసి, ప్రతి ముక్కకీ రెండు కళ్లైనా (మొలకలొచ్చే చోట్లు) ఉండేలా చూసి, నీడన ఆరబెట్టి మొత్తం 45 నాటేశాను. ఫిబ్రవరిలో తవ్వితే దాదాపు 20 కిలోలు! ఫొటోలు కూడా పెట్టాను, గుర్తుందా?

తర్వాతి సంగతి మాత్రం పెట్టలేదు. ఇంట్లో తినేది నలుగురం, వారానికి కిలో. మార్చి ఎండలకి మంచం కింద పరిచినవన్నీ మొలకలెత్తాయి. కిటికీ పక్కనవి పచ్చబడ్డాయి. పచ్చబడ్డవి తినకూడదు కదా, అయిదారు కిలోలు గోతిలోకి పోయాయి. "పండించుడు కాదురా, దాచుడు నేర్చుకో" అంది అమ్మ.

అందుకే ఈసారి తినేదాని నుంచి వెనక్కి లెక్కేశాను. పది వారాలకి పది కిలోలు. మొక్కకి అరకిలో లోపే అనుకుంటే ఇరవై పైచిలుకు. మొలవనివీ, పందికొక్కు వాటా కలిపి 25. ముక్క 40 గ్రాములైతే విత్తనం కిలో చాలు. మూడో సాలులో మెంతికూర.

నిన్న కొట్లో "కిలో చాలన్నా" అన్నాను గట్టిగా. దుంపలు ముద్దొచ్చాయి. కిలోన్నర తెచ్చాను. అమ్మకింకా చెప్పలేదు.