పదిలో ఆరు నావే

నెట్ పోతే రౌటర్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్ళీ వేయడం మా ఇంట్లో ఆచారం. రెండుసార్లు అది పనిచేసింది కూడా. ఓ గురువారం పొద్దున నా ల్యాప్‌టాప్ వైఫైకి కలిశానంటుంది, ఇంటర్నెట్ మాత్రం లేదంటుంది. ఆపి వేశాను, వచ్చేసింది. తర్వాతి బుధవారం మళ్ళీ అదే వరస. మళ్ళీ ఆపి వేశాను. ఆపై మంగళవారం మూడోసారి పోయేసరికి నా చెయ్యి స్విచ్ దాకా వెళ్ళి ఆగిపోయింది. పక్క గదిలో మా అక్కకి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. "ఒరేయ్, ఈ రెండు గంటలు ఆ రౌటర్ జోలికి వెళ్ళావంటే చంపేస్తా" అని మరీ చెప్పి తలుపేసుకుంది.

ఇక చేసేదేముంది, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, నెట్‌వర్క్ వివరాలు చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టాను. ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తుపట్టే నంబరు, 169.254.83.17. బయటికి దారి చూపే డిఫాల్ట్ గేట్‌వే దగ్గర ఖాళీ. మా ఇంట్లో అడ్రస్‌లన్నీ 192.168.1 తో మొదలవుతాయి. 169.254 తో మొదలయ్యేది ఏ రౌటరూ ఇచ్చింది కాదు. అడిగి అడిగి ఎవరూ పలక్కపోతే, విండోస్ తనంతట తాను పెట్టుకునే ఉత్తుత్తి అడ్రస్ అది. దాంతో బయటికి వెళ్ళడం కుదరదు. కాబట్టి సిగ్నల్ సంగతి, సైట్ సంగతి పక్కన పెట్టేయొచ్చు. నా ల్యాప్‌టాప్‌కి అడ్రస్ దొరకడం లేదు, అంతే.

ఈ అడ్రస్ ఇచ్చే పద్ధతినే డీహెచ్‌సీపీ అంటారు. నెట్‌వర్క్‌లోకి కొత్తగా వచ్చిన యంత్రం "ఇక్కడ అడ్రస్‌లిచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా?" అని అందరికీ వినపడేలా కేకేస్తుంది. రౌటర్ "ఇదిగో, ఇది తీసుకో" అంటుంది. "సరే, అదే ఇవ్వు" అని ఇది, "ఇచ్చాను, ఇంతకాలం నీదే" అని అది. నాలుగే మాటలు. నా ల్యాప్‌టాప్ మొదటి కేక వేస్తోంది. రెండో మాటే రావడం లేదు.

ఉన్న అడ్రస్ వదిలేసి కొత్తది అడిగే రిలీజ్, రిన్యూ కమాండ్లు కొట్టాను. కర్సర్ చాలాసేపు కొట్టుకుని, డీహెచ్‌సీపీ సర్వర్ (అడ్రస్‌లిచ్చేది, అంటే రౌటరే) అందలేదని, టైమ్ అయిపోయిందని ఎర్రర్ ఇచ్చింది. విండోస్‌లో అడ్రస్ అడిగే డీహెచ్‌సీపీ క్లయింట్ నడుస్తూనే ఉంది. ఫైర్‌వాల్ కాసేపు ఆపి చూశాను, లాభం లేదు. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌ని మొదటికి తెచ్చే విన్‌సాక్ రీసెట్, ఐపీ రీసెట్ కూడా చేసి సిస్టమ్ రీస్టార్ట్ చేశాను. ఎక్కడ చూసినా మొదట ఇదే చేయమంటారు గానీ, తెలియని రోగానికి తెలిసిన మాత్ర వేసినట్టే అది. ఇరవై నిమిషాలు వృథా.

నన్ను అసలు తప్పుదారి పట్టించినవి రెండు. ఒకటి నా ఫోన్. అదే వైఫైలో 192.168.1.103 తో హాయిగా వీడియోలు చూపిస్తోంది. ఫోన్‌కి వస్తోందంటే రౌటర్ బాగానే ఉన్నట్టే కదా అనుకున్నాను. రెండోది కేబుల్. రౌటర్‌కి వైరు పెట్టి చూస్తే లైటు వెలిగింది, అడ్రస్ మాత్రం మళ్ళీ 169.254. వైఫైలోనూ రాలేదు, వైరులోనూ రాలేదు, ఫోన్‌లో వస్తోంది. అయితే తప్పు విండోస్‌దే అని తీర్పిచ్చేశాను. మొత్తం మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలేమోనని టెన్షన్ కూడా మొదలైంది.

అంతపని చేసేముందు ఇంకొక్కటి చూద్దామని వైఫైలోనే అడ్రస్ చేత్తో ఇచ్చాను. నాకు 192.168.1.50; గేట్‌వే, డీఎన్ఎస్ (సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది) రెండూ 192.168.1.1, అంటే రౌటరే. సేవ్ చేసీ చేయగానే నెట్ వచ్చేసింది! ఏ పేజీ అడిగినా తెరుచుకుంటోంది. అంటే కార్డు, డ్రైవర్, విండోస్ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. తేడా అల్లా అడ్రస్ పంచే చోటే ఉంది.

రౌటర్‌ని ఆపొద్దంది గానీ, చూడొద్దనలేదుగా. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి లాగిన్ అయ్యి, డీహెచ్‌సీపీ పేజీకి వెళ్ళాను. పంచడానికి పెట్టుకున్న అడ్రస్‌లు 192.168.1.100 నుంచి 109 వరకు. పదే పది. ఒక్కోటీ ఏడు రోజులకి. కింద లిస్టులో పది వరసలూ నిండి ఉన్నాయి. ఫోన్లు మూడు, అక్క ల్యాప్‌టాప్ ఒకటి. మిగతా ఆరింటికీ ఒకటే పేరు, నా ల్యాప్‌టాప్‌ది.

ఒక్క యంత్రానికి ఆరు అడ్రస్‌లేమిటి? రౌటర్ యంత్రాల్ని గుర్తుపట్టేది మ్యాక్ అడ్రస్‌తో, అంటే నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నంబరుతో; పక్కనున్న ఆ మ్యాక్ అడ్రస్‌లు చూస్తే ఆరూ ఆరు రకాలు. ఇంకాస్త పరీక్షగా చూస్తే ఒక పోలిక కనిపించింది. ప్రతిదాంట్లోనూ రెండో అక్షరం 2, 6, A, E లలో ఏదో ఒకటి. కంపెనీ కార్డులో వేసి పంపినది కాక, సాఫ్ట్‌వేర్ అప్పటికప్పుడు పుట్టించిన మ్యాక్ అడ్రస్‌కి అదే గుర్తు.

అప్పుడు తట్టింది. ప్రైవసీ మంచిదని ఈ మధ్యే వైఫై సెట్టింగ్స్‌లో ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ (ఈ మ్యాక్ అడ్రస్‌నే మార్చేది) ఆన్ చేసి, "రోజూ మార్చు" అన్నదాన్ని ఎంచుకున్నది నేనే. అలా నా ల్యాప్‌టాప్ రోజుకో కొత్త ముఖంతో వెళ్ళి రోజుకో అడ్రస్ పట్టుకొస్తోంది. పాతది ఏడు రోజుల దాకా దాని పేరునే ఉండిపోతుంది. ఆరు రోజులకి పదీ నిండిపోతాయి, ఏడో రోజు వెళ్తే రౌటర్ నోరు మెదపదు. గురువారం, బుధవారం, మంగళవారం: మధ్య సరిగ్గా ఆరేసి రోజులు. ఆపి వేస్తే ఎందుకు బాగయ్యేదంటే మా రౌటర్ ఆ లిస్టు మర్చిపోతుంది గనక. ఫోన్ ఎందుకు బాగుందంటే దాని అడ్రస్ అది ముందే పట్టుకుని ఉంది, గడువు సగం కాగానే పొడిగించుకుంటోంది గనక. వైరు కూడా పదకొండో వాడిగానే వెళ్ళింది పాపం.

మరి పదే ఎందుకు పెట్టారంటారా? అదీ నేనే. రౌటర్ కొన్న కొత్తలో, అడ్రస్‌లు తక్కువుంటే బయటివాళ్ళు దూరరని నా తెలివి. చేత్తో .50 ఇచ్చుకుని నేనే దర్జాగా లోపలికొచ్చాక ఆ తెలివి ఏపాటిదో తెలిసింది.

రోజూ మార్చడం ఆపేసి, అడ్రస్ మళ్ళీ ఆటోమేటిక్‌కి పెట్టాను. వచ్చేస్తుందనుకున్నా, రాలేదు. ఎలా వస్తుంది, పదీ నిండే ఉన్నాయిగా. మళ్ళీ .50 చేత్తో పెట్టుకుని, రౌటర్‌లో 109 ని 199 చేసి, గడువు ఏడు రోజుల్ని ఒక రోజు చేశాను. సేవ్ నొక్కితే నెట్ ఒక్క క్షణం తెగినా తెగొచ్చు. మౌస్ బటన్ మీదే పెట్టుకుని కూర్చున్నాను, గోడ అవతల అక్క గొంతు వింటూ.

ముప్పావుగంటకి తలుపు తీసుకుని వచ్చింది. "ఏం ముట్టుకోలేదుగా?"

"ఇప్పుడు ముట్టుకుంటున్నా" అని సేవ్ నొక్కాను. అడ్రస్‌ని ఆటోమేటిక్‌కి మార్చి రిన్యూ కొట్టాను. రెండు సెకన్లు కూడా పట్టలేదు, 192.168.1.110.